గుడి బాగైతే సరిపోదు, కట్ట కింది ఊరు బాగుపడాలె

2021 జూలై 25న యునెస్కో మన రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణకు దక్కిన మొదటి గుర్తింపు అది. ఆ కాగితం మీద గుడి పేరు ఎట్లా రాశారో గమనించారా? 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం'. కట్టించిన రాజ్యం పేరు ముందు, ప్రతిష్ఠించిన దేవుడి పేరు తర్వాత, చెక్కినవాడిదని జనం చెప్పుకునే పేరు బ్రాకెట్లో. పాలంపేటలో ఎవరినన్నా అడగండి, రుద్రేశ్వరాలయం ఎక్కడ అంటే ఒక్క నిమిషం ఆలోచిస్తారు. రామప్ప అంటే మాత్రం చెయ్యి ఎత్తి చూపిస్తారు. అయితే రెండు దిక్కులు చూపిస్తారు. ఒకటి గుడి దిక్కు, ఇంకొకటి చెరువు దిక్కు. ఎందుకంటే రెంటికీ ఒకటే పేరు.

పేర్ల గురించి తగాదా పెట్టుకోవడం మా ఉద్దేశం కాదు. ఆ బ్రాకెట్ల వెనుక ఉన్న బుద్ధి గురించే మా బాధ. గుడిని కాపాడే పనిలో, దాని పేరు మీద వచ్చే పైసలు ఖర్చుపెట్టే పనిలో, చెరువూ ఊరూ ఇంకా బ్రాకెట్లోనే ఉన్నాయి.

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం రామప్ప ఆవరణలోనే ఉంది. గుడి కట్టించినవాడే చెరువు కట్టించాడు. గుడి ఖర్చులకు ఊర్లు రాసిచ్చాడు. ఆ కాలంలో గుడి కట్టడం, చెరువు తవ్వించడం వేర్వేరు శాఖల పనులు కావు. సప్త సంతానాలని మన పెద్దలు లెక్కపెట్టిన ఏడు పుణ్యకార్యాల్లో దేవాలయం ఒకటి, తటాకం ఒకటి. చెరువు కింద పంట పండితేనే గుడిలో దీపం వెలుగుతుంది. గుడికి ధాన్యం కొలిచే రైతుకు తూములో నీళ్లు రావాలె. చెరువును నిలబెట్టినవాళ్లకు దాని కింది భూమిలో కొంత వదిలిపెట్టే దశబంధం కట్టుబాటు ఉండేది. భక్తి ఒక్కటే ఆ కట్టడాలను నిలబెట్టలేదు. పక్కా ఆర్థిక లెక్క ఉంది దాని కింద.

పాకాల చెరువు కట్టించిన జగదాళ ముమ్మడి కూడా అదే గణపతిదేవుడి కాలం మనిషే. ఘనపురంలో కోటగుళ్లు చెరువు పక్కనే ఉన్నాయి. కటాక్షాపూర్‌లో గుళ్లూ చెరువూ ఇరుగుపొరుగే. వరంగల్ నుంచి ములుగు పోయే దారిలో వానకాలం వచ్చిందంటే కటాక్షాపూర్ చెరువు మత్తడి పడి నీళ్లు రోడ్డెక్కుతాయి. రాకపోకలు బంద్ అని పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆ చెరువు దగ్గరే కాకతీయుల గుళ్లు చెట్లు మొలిచి విచ్చిపోతున్నాయన్న ఫొటో మాత్రం ఏ ఏడాదీ రాదు.

ఇయ్యాల ఈ ఒక్క పాలంపేటలో ఎంతమంది సర్కారు ఉన్నారో చూడండి. గుడి కేంద్ర పురావస్తు శాఖది. చెరువు నీటిపారుదల శాఖది. చెరువులో చేప పిల్లలు మత్స్యశాఖవి. కాటేజీలు, పడవలు పర్యాటక సంస్థవి. గుట్టలు అటవీశాఖవి. ఘనపురం కోటగుళ్లు రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. ఇంతమంది యజమానుల మధ్య ఊరోళ్లకు మిగిలిందేమిటి? చాయ్ బండి, బొమ్మల దుకాణం, కొబ్బరికాయల గంప. అవి కూడా పెద్దవాళ్లు ఎవరన్నా వస్తున్నారంటే పక్కకు జరపాల్సినవే.

ఇంకొకటి కూడా మిగిలింది. నిషేధం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ చేశారు. రక్షిత కట్టడం నుంచి నూరు మీటర్ల దాకా కొత్త కట్టడం కుదరదు. ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి తీసుకోవాలె. కట్టడాలను కాపాడటానికి ఇట్లాంటి గీత ఉండాలని మేమూ ఒప్పుకుంటాం. అది లేకపోతే గుడి చుట్టూ నాలుగంతస్తుల లాడ్జీలు లేచేవి. కానీ ఆ గీత లోపల పుట్టిన మనిషి సంగతి ఏమిటి? కొడుకు పెండ్లి చేస్తే ఇంకో అర్ర వేసుకోవాలె. పెంకులు కూలితే కొత్త కప్పు వేసుకోవాలె. మరమ్మతుకు కూడా దరఖాస్తు పెట్టి, ఎక్కడో ఉన్న అధికారి సంతకం కోసం తిరగాలె. దేశం మొత్తానికి గర్వకారణమైన గుడి బరువు ఒక్క ఊరి నెత్తి మీద ఎందుకు? ఆ బరువు మోసినందుకు ఊరికి వాటా ఏది?

అడగకపోతే ఏమైతదో హంపి చెప్తుంది. హంపి 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విరూపాక్ష గుడి ముందు బజారులో తరతరాలుగా పాత మంటపాలను ఆనుకొని జనం బతికారు, దుకాణాలు పెట్టుకున్నారు. 2011 జూలైలో బుల్డోజర్లు తెచ్చి ఆ ఇండ్లు, దుకాణాలు కూల్చారు. కట్టడాలకు హాని జరుగుతున్నది, అక్రమంగా కట్టుకున్నారు అన్నారు. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ అది విజయనగర కాలం నుంచీ బజారే. బజారు నుంచి మనుషులను తీసేస్తే మిగిలేది రాళ్ల వరుస. పాలంపేటకు అట్లాంటి రోజు రావొద్దనే ఈ నాలుగు ముక్కలు ముందుగా రాస్తున్నాం.

పైసలు రావడం లేదని ఎవరూ అనలేరు. 2022 డిసెంబర్ 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రామప్పకు వచ్చి, కేంద్రం 'ప్రసాద్' పథకం కింద సుమారు 62 కోట్ల పనులకు శంకుస్థాపన చేశారు. 2024 నవంబర్‌లో రామప్ప ప్రాంత పర్యాటక సర్క్యూట్ పేరు మీద కేంద్రం మరో 73.74 కోట్లు మంజూరు చేసింది. రెండూ కలిపితే 135 కోట్లు దాటుతుంది. ఈ పథకాలన్నీ వచ్చిపోయేవాళ్ల కోసమే తయారయ్యాయి. సందర్శకుల కేంద్రం, ఆరుబయట రంగస్థలం, చెరువు ఒడ్డు అభివృద్ధి, బండ్లు ఆపే జాగ. సందర్శకుడు రావాలె, సుఖంగా కూర్చోవాలె, ఫొటో దిగాలె. కాదనం. కానీ ఆ పైసల్లో తూము మరమ్మతుకు ఎంత? మత్తడి కాలువకు ఎంత? చెరువు చుట్టూ కూలిపోతున్న చిన్న గుళ్లకు ఎంత? ఊరి పిల్లలకు రాతి పని నేర్పడానికి ఎంత? ఈ నాలుగు ప్రశ్నలకు విడివిడిగా జవాబు ఇవ్వాలని అడుగుతున్నాం.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అందాల భామలను రామప్పకు తీసుకొచ్చారు. వాళ్ల కాళ్లకు స్థానిక ఆడవాళ్లతో నీళ్లు పోయించిన దృశ్యం మీద రాష్ట్రమంతా చర్చ జరిగింది. అతిథి మర్యాద అని ఒకరు, అవమానమని ఇంకొకరు. ఆ వాదన సంగతి అట్లా ఉంచుదాం. మాకు తోచింది వేరే. ప్రపంచమంతా చూస్తున్న ఆ రోజున, ఎనిమిది వందల ఏండ్ల కట్టడం ముందు, ఈ నేల ఆడవాళ్లకు దొరికిన పని చెంబు పట్టుకోవడమా! అదే గుడి మదనికలను చూపిస్తూ ఇది మా ఊరి గుడి, ఇది మా చెరువు అని వివరించే గైడుగా ఒక్క పాలంపేట ఆడబిడ్డను ఆ భామల ముందు నిలబెట్టి ఉంటే ఎంత బాగుండేది.

గుడిని బాగుచేయడమంటే ఏమిటో కూడా కొంచెం మాట్లాడుకోవాలె. రామప్ప ఆవరణలోనే కామేశ్వరాలయం ఉండేది. శిథిలమైందని దాన్ని విప్పారు. రాళ్లకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. ఆ నంబర్ల రాళ్లు ఏండ్ల తరబడి గడ్డిలో పడి ఉండడం రామప్పకు పోయినవాళ్లందరూ చూసిందే. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపం కథ ఇంతకన్నా పెద్దది. 2006లో విప్పారు. మళ్లీ జనం కోసం తెరిచింది 2024 మార్చిలో. పద్దెనిమిదేండ్లు! విప్పిన రోజున పుట్టిన పిల్లగాడికి తెరిచిన ఏడాది ఓటు హక్కు వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? నిధుల మాట ఒకటి, టెండర్ల మాట ఒకటి. అసలు మాట మాత్రం చేతుల కొరత. కాకతీయుల గుడి కట్టడానికి సిమెంటు పనికిరాదు. సున్నం నానబెట్టి గానుగ పట్టాలె. రాయి చారలు చూసి దెబ్బ వేయాలె. రామప్ప పునాది కింద ఇసుక పరిచారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతం కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్ దాకా జనం ఇండ్ల నుంచి బయటికి ఉరికారు. గుడికి ఏమైందోనని మేమూ గాబరా పడ్డాం. నిలబడింది. ఇట్లాంటి కట్టడం మీద చెయ్యి వేసేవాడికి ఆ పని రక్తంలో ఉండాలె. ఒకప్పుడు ఉండేది. వడ్డెరలు, ఉప్పరులు, కమ్మరులు ఈ చెరువులను, గుళ్లను కట్టినవాళ్లే. ఇప్పుడు వాళ్ల బిడ్డలు క్రషర్ల దగ్గర కంకర కొడుతున్నారు, లేకపోతే హైదరాబాద్ అడ్డా మీద నిలబడి ఎవరన్నా పిలుస్తారా అని చూస్తున్నారు. తాతలు శిలను శిల్పం చేస్తే మనుమలు గుట్టను కంకర చేస్తున్నారు. ఇది వాళ్ల తప్పు కాదు. పని చూపించనివాళ్ల తప్పు.

పని చూపిస్తే ఏమైతదో గోలకొండ పక్కనే కనబడుతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన బాగుచేత 2024 దాకా నడిచింది. డంగు సున్నం పని, రాతి పని ఏండ్ల తరబడి మేస్త్రీల చేతులతోనే చేయించారు. అక్కడి పాత మెట్ల బావుల పూడిక తీసి, కూలిన గోడలు కట్టారు. వాన పడితే బావులు నిండుతున్నాయి. ఆ బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది కామారెడ్డి జిల్లా దోమకొండ గడీకి కూడా అవార్డు వచ్చింది. అంటే ఈ గడ్డ మీద సున్నం పని చచ్చిపోలేదు. పాత కట్టడాన్ని బాగుచేస్తే నీళ్లు కూడా వస్తాయని రుజువైంది. పట్నంలో జరిగింది పల్లెలో ఎందుకు జరగదు? పట్నంలో బావి నిండితే తోట పచ్చగ ఉంటుంది. పల్లెలో చెరువు నిండితే వందల ఇండ్ల పొయ్యి వెలుగుతుంది.

ఇక చెరువు సంగతి. ఉద్యమ కాలంలో మన సభలన్నిటిలో చెరువుల మాట వినబడేది. గొలుసుకట్టు చెరువులు తెగిపోయి, పూడిపోయి, బోర్ల మీద పడి రైతు మునిగిపోయిన కథ చెప్పని వక్త లేడు. రాష్ట్రం వచ్చిన తర్వాత 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేల పైచిలుకు చెరువులు, కుంటలు లెక్కలోకి వచ్చాయి. పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు పోయింది, కట్టలు, తూములు, మత్తళ్లు మరమ్మతు చేశారు. ఎక్కడ ఎంత బాగా చేశారన్నది ఊరూరికీ తేడా. దాని మీద ఈ పేజీలోనే తిట్టిన వారాలున్నాయి, మెచ్చిన వారాలున్నాయి. కానీ పథకానికి కాకతీయుల పేరు పెట్టి, కట్ట మీది కాకతీయుల గుడిని మాత్రం జాబితాలో పెట్టలేదు. అది మా శాఖ కాదన్నారు. గుడిని చూసుకునేవాళ్లు చెరువు మా శాఖ కాదన్నారు. రేచర్ల రుద్రుడికి ఈ శాఖలు లేకపోవడం మన అదృష్టం.

రామప్ప చెరువులోకి ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు వస్తాయి. అక్కడి నుంచి సొరంగంలో ధర్మసాగర్ దిక్కు పోతాయి. నీళ్లు రావడం సంతోషం. కానీ ఎనిమిది వందల ఏండ్లు సొంత ఆయకట్టు కోసం బతికిన చెరువు ఇప్పుడు దారిలో ఒక మజిలీ అయ్యింది. కింది రైతుకు ఎంత, పైకి ఎంత అన్నది ఎక్కడో మోటర్లు నడిపే అధికారి తేలుస్తాడు. తూము దగ్గర కూర్చుని మడి మడికీ నీళ్లు పారించే నీరటి ఒకప్పుడు ఊరి మనిషి. ఎవరి పొలానికి ఎన్ని తడులు అయ్యాయో వాడి నోటిలెక్క. ఆ కొలువు వీఆర్ఏల్లో కలిసింది. 2023లో వీఆర్ఏలను వేరే వేరే శాఖల్లో సర్దుబాటు చేశారు. జీతం కుదిరింది, వాళ్ల కడుపు నిండితే మాకంటే సంతోషించేవాళ్లు ఎవరు? మరి తూము దగ్గర ఎవరున్నారు?

ఇది మడి తడి ముచ్చట మాత్రమే కాదు, ప్రాణాల ముచ్చట. 2023 జూలై చివర్లో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్ర చరిత్రలో అంత వాన ఒక్కరోజులో ఎక్కడా నమోదు కాలేదు. అదే వానకు పక్క జిల్లాలో మోరంచపల్లి మునిగింది, జనం ఇండ్ల కప్పులెక్కి చేతులూపారు. ఆ రాత్రి రామప్ప కట్టకు గండి పడి ఉంటే? ఆ కట్ట గుడికన్నా తక్కువ వారసత్వమా? గుడికి కాపలాదారు ఉన్నాడు, కట్టకు కట్ట మైసమ్మ తప్ప ఎవరున్నారు?

యునెస్కో జాబితాలో చేర్చినప్పుడే చుట్టుపక్కల చిన్న గుళ్లను, చెరువు పరిసరాన్ని గుడితో కలిపి చూడాలన్న మాట వచ్చింది. పాలంపేటకు ప్రత్యేక అభివృద్ధి సంస్థ అన్న మాటా వచ్చింది. నిజాం పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యాజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. దాని పేరులోనే 'గుళ్లు' అని ఉంది, గుడి అని లేదు. నూరేండ్ల కింద ఆయన చూసినదాంట్లో ఇప్పుడు ఎంత నిలిచి ఉన్నదో ఒక లెక్క తీయాలె.

మేము అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. అభివృద్ధి సంస్థలో కలెక్టరు, ఇంజినీర్లు, పర్యాటక అధికారులే కాదు, పాలంపేట గ్రామపంచాయతీ, ఆయకట్టు రైతులు, చెరువు మీద బతికే ముదిరాజులు, గంగపుత్రులు ఓటు హక్కుతో కూర్చోవాలె. ప్రేక్షకులుగా కాదు. కట్ట, తూములు, మత్తడి, చుట్టూ ఉన్న చిన్న గుళ్లు ఒకే పనిగా, ఒకే అంచనాలో ఉండాలె. రాతి పనికి, సున్నం పనికి బయటి కాంట్రాక్టరు వచ్చినా సరే, చుట్టుపక్కల ఊర్ల నుంచి ఇంతమందికి పని నేర్పాలన్న షరతు టెండరులోనే రాయాలె. పడవలు, కాటేజీల మీద వచ్చే రాబడిలో పంచాయతీకి వాటా చట్టంగా ఉండాలె, దయగా కాదు. లక్నవరం చూడండి. వేలాడే వంతెన మీద సెల్ఫీలకు కొదవ లేదు. ఆ రాబడిలో చెరువు కింది ఊర్లకు వచ్చిందెంతో ఎవరూ బోర్డు మీద రాసి పెట్టలేదు.

నిషేధిత గీత లోపల ఇండ్లున్నవాళ్ల మరమ్మతు దరఖాస్తులకు గడువు పెట్టాలె. పెంకుటిల్లును పెంకుటిల్లుగానే బాగుచేసుకుని, వచ్చినవాళ్లకు ఒక రాత్రి పడక, జొన్నరొట్టె, చెరువు చేపల పులుసు పెట్టుకునే కుటుంబానికి అప్పు ఇయ్యాలె. పట్నం నుంచి వచ్చినవాడికి ఏసీ గది ఎక్కడైనా దొరుకుతుంది. బతుకమ్మ నాడు ఆ కట్ట మీద ఆడబిడ్డల పాట ఎక్కడ దొరుకుతుంది?

చిన్న గుళ్ల సంగతిలో ఒక జాగ్రత్త చెప్పాలె. బాగుచేయడమంటే రంగులు పూయడం కాదు, టైల్స్ పరవడం కాదు. చాలా ఊర్లలో భక్తి ఎక్కువై పాత గుడికి ఆయిల్ పెయింటు వేసి, శాసనం మీద సున్నం కొట్టి, ముందు రేకుల షెడ్డు దించారు. అది కూడా కూల్చివేతే, నెమ్మదిగా చేసే కూల్చివేత. కమిటీ పెద్దలు కోపం తెచ్చుకున్నా సరే, ఈ మాట చెప్పక తప్పదు.

రామప్ప చెరువు కింది గ్రామపంచాయతీలు, ఘనపురం, కటాక్షాపూర్ పంచాయతీలు వచ్చే గ్రామసభలో ఈ విషయం ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాం. మంజూరైన పనుల జాబితా, అంచనాలు, కాంట్రాక్టరు పేరు సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు రాయడం రాకపోతే మా ఆఫీసుకు రండి, రాసిపెడతాం. తీర్మానం కాపీ, వచ్చిన జవాబు, రాని జవాబు ఏదైనా పంపండి, ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.